అల్లరివాడు కనిపించాడు, పరధ్యానంలోని పిల్ల కనిపించలేదు

నాకు ఇద్దరు పిల్లలు. అబ్బాయి ఇప్పుడు పదో తరగతి చదువుతున్నాడు, అమ్మాయి ఎనిమిదిలోకి వచ్చింది. ఇద్దరికీ ఏడీహెచ్‌డీ ఉంది, అంటే శ్రద్ధ నిలపలేకపోవడం, అతిగా కదలడం, తొందరపాటు కనిపించే రుగ్మత. అబ్బాయికి ఉన్నదని 7 ఏళ్ల వయసులో తెలిసింది, అమ్మాయికి 11 నిండిన తరువాత గాని తెలియలేదు. ఒకే ఇంట్లో, ఒకే తల్లి కళ్ల ముందు పెరిగిన పిల్లల మధ్య ఈ నాలుగేళ్ల తేడా ఎందుకు వచ్చిందన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు. నేను జూనియర్ కళాశాలలో తెలుగు చెబుతాను. పిల్లల ముఖం చూసి వాళ్లకు పాఠం ఎక్కిందో లేదో గ్రహించడం నా వృత్తిలో భాగం. అయినా నా కూతురిని నేను చూడలేకపోయాను. ఇదే దారిలో ఉన్న తల్లిదండ్రులెవరికైనా ఉపయోగపడుతుందన్న ఆశతో, వైద్యుల వద్ద విన్నదీ, ఆ తరువాత శ్రద్ధగా చదివి తెలుసుకున్నదీ, ఇంట్లో అనుభవించినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అబ్బాయి విషయంలో ఎవరికీ అనుమానం రాకపోయే అవకాశమే లేదు. రెండో తరగతిలో ఉండగా వాడి డైరీలో ఎర్రసిరా కనిపించని వారం ఉండేది కాదు. బెంచీ మీదికెక్కి నిలబడుతున్నాడని ఒకరోజు, ప్రశ్న పూర్తికాకముందే జవాబు అరుస్తున్నాడని ఇంకొకరోజు, వరుసలో తన వంతు వచ్చేదాకా ఆగలేక ముందున్న పిల్లలను తోసేస్తున్నాడని మరొకరోజు రాసి పంపేవారు. ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా వాడు కుదురుగా కూర్చునేవాడు కాదు. నోట్లో ముద్ద పెట్టుకుని హాలంతా ఒక చుట్టు చుట్టి వచ్చి రెండో ముద్ద అందుకునేవాడు. ఆటో పూర్తిగా ఆగకముందే దూకి మోకాళ్లు చీరుకున్నాడు. మా ఆడపడుచు గృహప్రవేశంలో వ్రతం జరుగుతుండగా, పంతులుగారి ముందున్న కలశాన్ని చూడాలనిపించిన మరుక్షణమే చేతిలోకి తీసుకుని, మీది కొబ్బరికాయ జారి పడిపోవడంతో బెదిరి చెంబు కూడా వదిలేశాడు. బంధువులందరి ముందూ వాణ్ణి కొట్టాను. వాడు ఏడుస్తూ, 'తీసుకోకూడదని నాకు తెలుసమ్మా, కానీ తీసేశాను' అన్నాడు. ఆ మాటలో ఈ రుగ్మత మొత్తం ఉన్నదని నాకు అర్థం కావడానికి మరో ఏడాది పట్టింది.

ఆ ఏడాదిలో రకరకాల తీర్పులు విన్నాను. మగపిల్లవాడన్నాక ఆమాత్రం అల్లరి ఉండాలని మామగారు అన్నారు. దిష్టి తగిలిందని అత్తగారు ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి పొయ్యిలో వేశారు. ఉద్యోగం చేసే తల్లికి పెంపకం చూసుకునే తీరిక ఎక్కడిదని నా ముఖం మీదే అన్నవాళ్లూ ఉన్నారు. మిఠాయిలు, చాక్లెట్లు మానిపిస్తే కుదురుకుంటాడని చెప్పిన వాళ్లు అందరికంటే ఎక్కువ. ఆ చివరి మాట నేను కూడా నమ్మి ఆరు నెలలు ఇంట్లోకి తీపి రానివ్వలేదు. పంచదార తిన్నదెవరో, తీపి రుచి మాత్రమే ఉన్న మరోటి తిన్నదెవరో పిల్లలకూ, తల్లిదండ్రులకూ, పరిశీలించేవారికీ తెలియకుండా జరిపిన ప్రయోగాలన్నిటినీ 1995లో ఒకచోట చేర్చి చూసినప్పుడు, పంచదారకూ పిల్లల ప్రవర్తనకూ సంబంధం కనిపించలేదని తరువాత చదివాను. పళ్లకోసం తీపి తగ్గించడం మంచిదే కాని, వాడి కుదురులేమికి అది మందు కాదు.

చివరకు ఒక పిల్లల మానసిక వైద్యురాలి వద్దకు వెళ్లాము. రక్తపరీక్ష చేస్తారనీ, తలకు స్కానింగు తీస్తారనీ, కాగితం మీద ఒక అంకె చూపించి ఉన్నదో లేదో తేల్చేస్తారనీ అనుకుని వెళ్లాను. ఏడీహెచ్‌డీని తేల్చే రక్తపరీక్షగాని స్కానింగుగాని లేదని ఆమె మొదటి పది నిమిషాలలోనే చెప్పారు. ఆమె చేసినదల్లా అడగడం, వినడం, చూడడం. గర్భం నాటి సంగతుల నుంచి నిన్నటి హోంవర్కు దాకా అడిగారు. చూపు, వినికిడి పరీక్ష చేయించమన్నారు. రాత్రి గురక పెడతాడా, నోటితో గాలి పీలుస్తాడా అని అడిగారు, ఎందుకంటే టాన్సిల్స్, అడినాయిడ్స్ పెరిగి నిద్ర చెడిన పిల్లవాడు కూడా పగటిపూట సరిగ్గా ఇలాగే ఉంటాడట. కొందరు పిల్లలలో రోజుకు ఎన్నోసార్లు కొన్ని క్షణాలపాటు చూపు నిలిచిపోయే మూర్ఛ ఒకటి ఉంటుందనీ, దాన్ని కూడా పరధ్యానమని పొరబడతారనీ చెప్పారు. రక్తహీనత, థైరాయిడ్ చూడడానికి మాత్రం రక్తం తీయించారు. అది ఏడీహెచ్‌డీని కనుక్కోవడానికి కాదు, అలా కనిపించే ఇతర కారణాలను తొలగించడానికి.

ఆ తరువాత రెండు ప్రశ్నావళులు ఇచ్చారు. ఒకటి మేము నింపడానికి, మరొకటి క్లాస్ టీచరు నింపడానికి. ప్రపంచంలో చాలాచోట్ల వైద్యులు అనుసరించే, మానసిక రుగ్మతల అమెరికన్ వర్గీకరణ గ్రంథం డీఎస్ఎం ఐదో కూర్పు, 2013లో వచ్చినది, ఈ రుగ్మతకు 18 లక్షణాలు చెబుతుంది. వాటిలో 9 శ్రద్ధకు సంబంధించినవి, 9 అతి కదలికకూ తొందరపాటుకూ సంబంధించినవి. పిల్లలలో ఈ రెండు వర్గాలలో ఏదో ఒక దానిలోనైనా కనీసం 6 లక్షణాలు ఉండాలి, అవి 6 నెలలకు తక్కువ కాకుండా కొనసాగుతూ ఉండాలి, వయసుకు మించి ఉండాలి, 12 ఏళ్లకు ముందే మొదలై ఉండాలి, ఇంటిలో మాత్రమేనో బడిలో మాత్రమేనో కాక కనీసం రెండు చోట్ల కనిపించాలి, పిల్లవాడి చదువునో స్నేహాలనో నిజంగా దెబ్బతీస్తూ ఉండాలి. ఇన్ని షరతులు ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు. ఇవి లేకపోతే చలాకీ అయిన ప్రతి పిల్లవాడికీ రోగమని పేరు పెట్టవలసి వస్తుంది. మన దగ్గర ఈ జాగ్రత్త మరీ అవసరం. రెండున్నరేళ్లకే నర్సరీలో వేసి, తోటివారికంటే ఏడాది ముందు పెట్టామని సంతోషించే ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. తరగతిలో అందరికంటే చిన్నవాళ్లయిన పిల్లలకు ఏడీహెచ్‌డీ అని పేరు పడే అవకాశం ఎక్కువని అనేక దేశాల పరిశోధనలు చూపించాయి. ఐదేళ్ల పిల్లవాడిని ఆరేళ్లవాళ్ల పక్కన కూర్చోబెట్టి కుదురు లేదంటే తప్పు ఆ పిల్లవాడిది కాదు.

మా అబ్బాయి విషయంలో ఆ షరతులన్నీ సరిపోయాయి. ఆ రోజు నేను అడిగిన ప్రశ్న ఇంచుమించు ప్రతి తల్లీ అడిగేదే. 'ఫోను ఇస్తే రెండు గంటలు కదలకుండా కూర్చుంటాడు కదా, శ్రద్ధ లేదని ఎలా అంటారు?' అన్నాను. ఆమె ఓపికగా సమాధానం చెప్పారు గాని, అది నాకు బోధపడినది మాత్రం నాకు తెలిసిన విద్య ద్వారా.

శ్రద్ధకు మనకున్న మంచి మాటలలో అవధానం ఒకటి. అష్టావధానంలో ప్రశ్నలడిగే ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు పద్యంలో తప్పక రావలసిన పదాలతో దత్తపది ఇస్తారు, ఒకరు అక్షరం అక్షరానికీ నిషేధం పెడతారు. అవధాని ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదం చెప్పుకుంటూ పోయి, మధ్యలో మోగిన గంటలను లెక్కపెట్టుకుని, చివరకు పద్యాలన్నిటినీ ధారణ చేసి వప్పగించాలి. వీటన్నిటి మధ్య అప్రస్తుత ప్రసంగి అడుగడుగునా అడ్డుతగులుతూ ఉంటాడు. అవధాని అతనికి సమాధానం చెప్పి, తెగిన దారాన్ని తెగినచోటనే పట్టుకోగలగాలి. ఇందులో రెండు శక్తులున్నాయి. ఒకటి, చేస్తున్న పని పూర్తయ్యేదాకా కొన్ని విషయాలను మనసులో పట్టి ఉంచుకోవడం. రెండు, అడ్డువచ్చిన దాన్ని పక్కన పెట్టి ఉన్నచోటికి తిరిగి రావడం. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలలో బలహీనంగా ఉండేవి ఈ రెండే. మేడ మీదికి వెళ్లి, సాక్సులు వేసుకుని, దువ్వెన తీసుకురా అని మూడు పనులు చెబితే, మెట్ల మీద కనబడిన చీమల బారు అప్రస్తుత ప్రసంగి అవుతుంది. పిల్లవాడు దాని దగ్గరే కూర్చుండిపోతాడు. చెప్పింది వినక కాదు, విన్నదాన్ని మేడ ఎక్కేదాకా మోయలేక.

ఫోను సంగతి కూడా దీనితోనే విడిపోతుంది. వీళ్లలో శ్రద్ధ అనేది లేకపోవడం కాదు జరుగుతున్నది. దాన్ని తాము అనుకున్నచోట పెట్టడం, అనుకున్నప్పుడు తీయడం వాళ్ల చేతిలో ఉండదు. ప్రతి క్షణం కొత్త బొమ్మ, కొత్త శబ్దం, కొత్త బహుమతి ఇచ్చే వస్తువు ఆ పిల్లవాడి శ్రద్ధను తానే లాక్కుని పట్టుకుంటుంది. ఎక్కాల పుస్తకం అలా పట్టుకోదు, పిల్లవాడే దాన్ని పట్టుకోవాలి. మెదడు ముందుభాగంలో డోపమిన్, నోరెపినెఫ్రిన్ అనే రసాయనాల పనితీరు వేరుగా ఉండడం దీనికి కారణాలలో ఒకటని వైద్యులు చెబుతారు. 2007లో అమెరికా పరిశోధకులు ఏడీహెచ్‌డీ ఉన్న 223 మంది పిల్లల మెదళ్లను, లేని 223 మంది మెదళ్లతో పోల్చి చూశారు. మెదడు పైపొర గరిష్ఠ మందానికి చేరుకునే వయసు, లేనివారిలో సగటున ఏడున్నర ఏళ్లయితే, ఉన్నవారిలో పదిన్నర ఏళ్లని తేలింది. ఆలస్యం అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది, ఆగడం, ఆలోచించడం, పథకం వేసుకోవడం జరిగే ముందుభాగంలోనే. కదలికలను నడిపే భాగం మాత్రం వీళ్లలో కొంచెం ముందుగానే ఎదిగింది. ఈ సంగతి చదివిన రోజు కలశం ముందు నిలబడిన మా అబ్బాయి నాకు గుర్తుకు వచ్చాడు. చెయ్యి ముందు పరుగెత్తింది, దాన్ని ఆపవలసినది ఇంకా దారిలోనే ఉంది.

ఇది సెల్‌ఫోన్ల కాలంలో పుట్టిన జబ్బు అనే మాట ఇప్పటికీ వింటూ ఉంటాను. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే శిశువైద్యుడు, తెలివికి లోటు లేకపోయినా తమను తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించి మూడు ఉపన్యాసాలు ఇచ్చాడు. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు, తన ఆసుపత్రిలోని 30 మంది పిల్లలకు బెంజిడ్రిన్ అనే ఉత్తేజక మందు ఇస్తే, వారిలో దాదాపు సగంమంది చదువులో ఆశ్చర్యకరంగా మెరుగుపడ్డారని రాశాడు. నా ప్రశ్నకు జవాబు మాత్రం ఈ రుగ్మతకు పెట్టిన పేర్ల చరిత్రలో దొరికింది. స్టిల్ దీన్ని నైతిక నియంత్రణలోని లోపమన్నాడు. 1968 నాటి డీఎస్ఎం రెండో కూర్పు దీన్ని బాల్యంలోని అతిచలన ప్రతిచర్య అని పిలిచింది. శ్రద్ధ అనే మాట పేరులోకి వచ్చినది 1980లో, మూడో కూర్పుతో. ఇప్పుడున్న పేరు 1987లో స్థిరపడింది. అంటే దాదాపు 80 ఏళ్లపాటు వైద్యశాస్త్రం చూసినది ప్రధానంగా పిల్లవాడి కదలికను, వాడివల్ల పెద్దలకు కలిగే ఇబ్బందిని. ఎవరికీ ఇబ్బంది కలిగించకుండా కిటికీ పక్కన కూర్చుని తనలో తాను తప్పిపోయే పిల్లకు ఆ పుస్తకాలలో చోటు చాలా ఆలస్యంగా దొరికింది. మా ఇంట్లో జరిగినదీ అదే.

మా అమ్మాయి నెమ్మదస్తురాలు. అందరూ ఆ మాటే అనేవారు, నేనూ అనేదాన్ని. అన్నను చూసి విసిగిపోయిన ఇంటికి అది వరంలా కనిపించేది. కూర్చోమన్నచోట కూర్చుంటుంది, ఎదురు చెప్పదు, ఎవరినీ తోయదు. ప్రోగ్రెస్ రిపోర్టులో ఏటా ఒకే మాట ఉండేది, తెలివైనదే కాని శ్రద్ధ పెట్టడం లేదని. నాలుగో తరగతిలో ఒక్క ఏడాదిలో ఏడు వాటర్ బాటిళ్లు పోగొట్టింది. లెక్కల పరీక్షలో కూడికలన్నీ సరిగ్గా చేసి, మధ్యలో తీసివేత గుర్తు వచ్చినచోట కూడా కూడికే చేసేది. పేజీ వెనుకవైపు ప్రశ్నలున్నాయని చూసుకోకుండా పేపరు ఇచ్చి వచ్చేసేది. అరగంట హోంవర్కు మూడు గంటలు సాగేది. ఆ మూడు గంటలూ పుస్తకం ముందే కూర్చుని ఉండేది, పెన్సిలు చేతిలోనే ఉండేది, పేజీ మాత్రం తిరిగేది కాదు. పిలిస్తే మూడోసారికి గాని పలికేది కాదు. ఐదో తరగతి నుంచి ఉదయం పూట కడుపునొప్పి మొదలైంది. పరీక్షలు చేయిస్తే ఏమీ లేదన్నారు. బడి ఎగ్గొట్టడానికి నటిస్తున్నదని నేను అనుకున్నాను.

అబ్బాయి ఎత్తు, బరువు, రక్తపోటు చూపించి మందు మోతాదు సరిచూసుకోవడానికి మేము కొన్ని నెలలకొకసారి వైద్యురాలి వద్దకు వెళుతూ ఉంటాము. అలా వెళ్లిన ఒకసారి, ప్రశ్నావళి మళ్లీ నింపమని ఇచ్చారు. వివరాలను పట్టించుకోక పొరపాట్లు చేయడం, ఎదురుగా మాట్లాడుతున్నా విననట్టు ఉండడం, మొదలుపెట్టిన పని పూర్తి చేయకపోవడం, వస్తువులు పోగొట్టుకోవడం, రోజువారీ పనులు మరచిపోవడం అంటూ ఆ మొదటి తొమ్మిది వాక్యాలను అంతకుముందు అనేకసార్లు చదివాను. ఆ రోజు అవి చదువుతున్నంతసేపూ నా కళ్ల ముందు కదిలినది అబ్బాయి కాదు. అమ్మాయి పక్క కుర్చీలో కూర్చుని, గోడమీద పంకా నీడ తిరగడం చూస్తూ ఉంది. నేను కలం కింద పెట్టి, 'డాక్టరుగారూ, ఇది దీనికి కూడా వర్తిస్తుందా?' అని అడిగాను. ఆమె అమ్మాయిని పేరు పెట్టి పిలిచారు. రెండుసార్లు పిలిచినా పలకలేదు.

ఈ రుగ్మత మూడు రూపాలలో కనిపిస్తుంది. శ్రద్ధ లోపించడం ప్రధానంగా ఉండేది ఒకటి, అతి కదలిక, తొందరపాటు ప్రధానంగా ఉండేది ఇంకొకటి, రెండూ కలిసినది మూడోది. ప్రపంచవ్యాప్తంగా పిల్లలలో ఇంచుమించు 5 శాతం మందికి ఏడీహెచ్‌డీ ఉంటుందని అంచనా. నిర్ధారణ అయినవారిలో ఆడపిల్లలకంటే మగపిల్లలు రెండింతలకు పైగా ఉంటారు. ఆ తేడాలో కొంత నిజమైనదే కావచ్చు గాని, ఆడపిల్లలలో శ్రద్ధాలోపమే ప్రధానంగా ఉండే రూపం ఎక్కువ కావడం వల్ల, వారిలో చాలామందిని ఎవరూ గుర్తించకుండానే వదిలేస్తారన్నది ఇప్పుడు వైద్యలోకం ఒప్పుకుంటున్న విషయం. మన ఇళ్లలో దీనికి మరో పొర ఉంది. ఆడపిల్ల మౌనంగా ఉంటే మెచ్చుకుంటాము. తడబడకుండా ఉండడానికి ఆమె ఎంత కష్టపడుతున్నదో, తప్పు బయటపడకుండా పక్కపిల్లను చూసి ఎంత చేసుకొస్తున్నదో ఎవరూ అడగరు. మా అమ్మాయి కడుపునొప్పి నటన కాదు. ఈ రోజు ఏం మరచిపోయానో, ఎవరు ఏమంటారో అన్న భయంతో తెల్లవారేది దానికి. ఆందోళన ఏడీహెచ్‌డీ వెంట తరచుగా వస్తుందని వైద్యురాలు చెప్పినప్పుడు, ఆ రెండేళ్లలో నేను దాన్ని అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తుకు వచ్చాయి. పిల్లవాడి రుగ్మత చుట్టూ ఉన్నవాళ్లను ఎంత బాధపెడుతుందన్నదాన్ని బట్టి మనం దాన్ని గుర్తిస్తున్నాము, పిల్లవాడు ఎంత బాధపడుతున్నాడన్నదాన్ని బట్టి కాదు. మా ఇంటి నాలుగేళ్ల తేడాకు నాకు దొరికిన సమాధానం ఇదే.

చికిత్స గురించి కొంచెం వివరంగా చెప్పాలి, భయాలన్నీ అక్కడే ఉంటాయి కాబట్టి. ఆరేళ్లలోపు పిల్లలకు ముందుగా ఇవ్వవలసినది మందు కాదు, తల్లిదండ్రులకు శిక్షణ. ఆ తరువాతి వయసులో మందు, శిక్షణ రెండూ కలిసి నడుస్తాయి. ఎక్కువగా వాడే మందు మిథైల్‌ఫెనిడేట్. దీన్ని 1944లో స్విట్జర్లాండ్‌లో తయారుచేశారు, 1950లలోనే వాడకంలోకి వచ్చింది, అంటే ఇది కొత్త మందేమీ కాదు. సాధారణ రకం నాలుగు గంటల లోపు పనిచేసి దిగిపోతుంది, నెమ్మదిగా విడుదలయ్యే రకాలు ఎక్కువసేపు ఉంటాయి. ఉత్తేజకం కాని అటామాక్సెటిన్ అనే మందు కూడా ఉంది, దాని ప్రభావం కనిపించడానికి వారాలు పడుతుంది. మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి వస్తుంది. అందువల్ల వైద్యుల చీటీ లేకుండా ఇవ్వరు, అన్ని మందుల షాపులలోనూ దొరకదు. మొదటి నెలలో నేను ఐదు షాపులు తిరిగాను. ఒక షాపులో చీటీ చూసి, 'పిల్లలకా ఇది?' అని అడిగిన తీరుకు ఇంటికి వచ్చి ఆ చీటీని బీరువాలో పెట్టేసి వారంరోజులు తీయలేదు. చట్టం కట్టడి చేసినది మందు దుర్వినియోగాన్ని. వైద్యుల పర్యవేక్షణలో, చెప్పిన మోతాదులో వాడే పిల్లవాడిని అది మత్తుకు బానిసను చేస్తుందనే భయానికి ఆధారం లేదని వైద్యురాలు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పిన తరువాత గాని మొదలుపెట్టలేదు.

దానికి దుష్ఫలితాలు లేవని నేను అనను. ఆకలి తగ్గుతుంది, కొందరికి నిద్ర ఆలస్యమవుతుంది, తలనొప్పి, కడుపునొప్పి రావచ్చు, ఎత్తు పెరుగుదల కొంచెం మందగించవచ్చు. మా అబ్బాయి మధ్యాహ్నం డబ్బా తెరవకుండానే తెచ్చేవాడు. మాత్రకు ముందే రెండు నెయ్యి దోసెలు, గుడ్డు పెట్టేయడం, సాయంత్రం మందు దిగిపోయాక పెరుగన్నమో ఉప్మాయో కడుపునిండా పెట్టడం అలవాటు చేశాక బరువు నిలబడింది. మందు వాడిని మొద్దుబారిపోయేలా చేయలేదు. అలా కనిపిస్తే మోతాదు ఎక్కువైందని అర్థమనీ, వెంటనే చెప్పమనీ అన్నారు. చెయ్యి చాచడానికీ వస్తువును అందుకోవడానికీ మధ్య, అంతకుముందు లేని ఒక క్షణం వాడికి దొరికింది.

మందు ఒక్కటే చాలా అన్నదానికి, 1999లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద అధ్యయనాన్ని మా వైద్యురాలు ఎప్పుడూ గుర్తుచేస్తారు. 7 నుంచి 9 ఏళ్ల వయసున్న 579 మంది పిల్లలను నాలుగు బృందాలుగా చేసి 14 నెలలు చూశారు. అసలు లక్షణాలు తగ్గడంలో, జాగ్రత్తగా మోతాదు సరిచూస్తూ ఇచ్చిన మందు, ప్రవర్తనకు సంబంధించిన శిక్షణ ఒక్కదానికంటే బాగా పనిచేసింది. రెండూ కలిపి ఇచ్చినవారిలో తక్కువ మోతాదు సరిపోయింది, ఆందోళన ఉన్న పిల్లలకూ, తల్లిదండ్రులతో పొత్తు కుదరని పిల్లలకూ అదనపు మేలు జరిగింది. అయితే మూడేళ్ల తరువాత చూసేసరికి ఆ నాలుగు బృందాల మధ్య తేడాలు చెరిగిపోయాయి. అంటే ఒక ఏడాది చేసి వదిలేసేది కాదు ఇది. కళ్లజోడు ఉన్నవాడు రోజూ పెట్టుకున్నట్టే, ఈ ఏర్పాట్లు పిల్లవాడికి ఎంతకాలం అవసరమైతే అంతకాలం ఉండాలి.

శిక్షణలో నేను నేర్చుకున్నదానిలో కష్టమైనది నా నోరు తగ్గించుకోవడం. దూరం నుంచి కేక వేస్తే ఆ మాట వాళ్లకు చేరదు. దగ్గరికి వెళ్లి, భుజం మీద చెయ్యి వేసి, కళ్లు కలిశాక, ఒక్క పని మాత్రమే చెప్పాలి. అది అయ్యాక రెండోది. తప్పు జరిగిన సాయంత్రానికి వేసే శిక్షా, నెలాఖరుకు ఇస్తామన్న సైకిలూ రెండూ పనిచేయవు. వీళ్లకు ఫలితం అప్పటికప్పుడే కనబడాలి. అరగంట పనిని పది పది నిమిషాలుగా విడగొట్టి, మధ్యలో లేచి తిరగనివ్వాలి. గడియారం ముల్లు కనబడేలా ఎదురుగా ఉండాలి, ఎందుకంటే కాలం ఎంత గడిచిందో వీళ్లకు లోపలినుంచి తెలియదు. అమ్మాయి గదిలో తలుపు వెనుక బొమ్మలతో ఒక పట్టిక అంటించాము. పుస్తకాలు, కంపాస్ బాక్సు, భోజనం డబ్బా, వాటర్ బాటిల్, గుర్తింపు కార్డు. దానికి తెలియక కాదు ఆ పట్టిక. తెలిసినది అవసరమైన క్షణంలో దాని కళ్ల ముందు ఉండడానికి.

బడి సంగతి ఊరికొక రకం. మేము అడిగినవి చిన్నవే. ముందు బెంచీ, కిటికీకీ గుమ్మానికీ దూరంగా చోటు, హోంవర్కు డైరీలో రాసుకున్నదో లేదో ఒక్క చూపు, పరీక్షలో పేజీ వెనక్కి తిప్పమని ఒక్క మాట. ఒక బడివారు 'ఒక్కరికోసం ఇవన్నీ కుదరవు' అన్నారు, మేము బడి మార్చాము. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొంది. వాటిలో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు ఉన్నాయి, ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. చదవడం, రాయడంలో వైకల్యం కూడా తోడైన పిల్లలకు ఆ దారిన కొన్ని వెసులుబాట్లు దొరుకుతాయి. మిగిలినవారు టీచర్ల మంచితనం మీద ఆధారపడవలసి వస్తున్నది. ఇది మారాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అయితే ప్రభుత్వ బడులలోని, అంగన్‌వాడీలలోని పిల్లలను పరీక్షించడానికి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించవలసిన సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ ఉంది. అక్కడ గుర్తించిన పిల్లలను జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రాలకు పంపే ఏర్పాటు కూడా ఉంది. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచనివారు మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంకొక మాట. ఈ రుగ్మత ఎక్కువగా వంశపారంపర్యంగా వచ్చేదని, పిల్లల మధ్య కనిపించే తేడాలలో సుమారు 70 నుంచి 80 శాతం జన్యువులకు సంబంధించినదని కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. వైద్యురాలు ఈ మాట చెప్పిన రోజు నా భర్త ఇంటికి వస్తూ దారి పొడుగునా మాట్లాడలేదు. ఆయన ఇంటర్‌లో రెండుసార్లు తప్పి, మూడు ఉద్యోగాలు మారి, తాళాలు, పర్సు, కరెంటు బిల్లు మరచిపోతూ, దానికి మా మామగారి చేతా నా చేతా మాటలు పడుతూ వచ్చిన మనిషి. ఆ రాత్రి ఆయన, 'నన్ను మా నాన్న బెల్టుతో కొట్టేవాడు. వీణ్ణి మాత్రం ఇక ఎవరూ కొట్టకూడదు' అన్నారు. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరూ కొట్టలేదు.

కళాశాలలో కూడా నా చూపు మారింది. రోజుకు పన్నెండు గంటలు స్టడీ అవర్లలో కూర్చోబెట్టే పద్ధతి ఎవరికైనా భారమే, ఈ పిల్లలకు అది నరకం. మొదటి సంవత్సరంలో ఒక అమ్మాయి ఎప్పుడూ మూడో వరుస చివర కూర్చుంటుంది, ఎవరితోనూ గొడవ లేదు, రికార్డు మాత్రం ఎన్నడూ సమయానికి ఇవ్వదు. ఇదివరకైతే నిర్లక్ష్యం అని రాసి ఊరుకునేదాన్ని. ఈసారి వాళ్ల అమ్మగారిని పిలిపించి, చిన్నప్పటినుంచీ ఇలాగేనా అని అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడింది. నేను రోగం పేరేదీ చెప్పలేదు, అది నా పని కాదు. వెళ్లవలసినచోటు మాత్రం చెప్పాను.

మా అమ్మాయి కడుపునొప్పి తగ్గింది. అది మాయమై ఏడాదిన్నర దాటింది. లెక్కల్లో గుర్తుల చుట్టూ రంగు పెన్సిలుతో సున్నా చుట్టి గాని మొదలుపెట్టదు. మొన్న ఉదయం జడ వేస్తుండగా, 'అమ్మా, అప్పుడు నేను కావాలనే అలా చేస్తున్నానని అనుకున్నావా?' అని అడిగింది. అవునని చెప్పాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదని కూడా చెప్పాను. 'సరేలే' అని, లేచి తలుపు వెనుక పట్టిక ముందు నిలబడి ఒక్కొక్క బొమ్మ మీద వేలు పెట్టి చూసుకుని సంచి సర్దుకుంది. ఆటో వచ్చి హారన్ కొట్టింది, పరుగెత్తింది. వాటర్ బాటిల్ భోజనం బల్ల మీదే ఉంది. నేను అది పట్టుకుని మెట్లు దిగాను.